క్లచ్చులో తోలు

మూసి ఉన్నదేదైనా తెరిచి చూడందే మా మేనత్త ఎర్సిలియాకి నిద్ర పట్టేది కాదు. ట్యూరిన్‌లో మా వెనక వీధిలో ఉన్న చిన్న కార్ల కార్ఖానాలో ఆవిడ సీట్లకి తోలు కుట్టేది. మామయ్య బత్తిస్తా గుర్రపు జీనులు చేసేవాడు. కార్లు వచ్చాక జీనులు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఆ కోపంతో ఆయన కార్ఖానా గుమ్మం తొక్కేవాడు కాదు.

ఓ ఏడాది కొత్తగా చేసిన కారు బయల్దేరేటప్పుడల్లా ఎగిరి దూకేది. కుట్లు చూడటానికి ఎక్కి కూర్చున్న అత్త ముందుకి తూలింది.

"ఏంటయ్యా ఇది, తేలు కుట్టినట్టు?" అంది, బండి నడుపుతున్న కార్ఖానా మెకానిక్కు గౌదెంజియోతో.

"క్లచ్చు, అక్కా. ఒక్కసారే పట్టేస్తోంది."

"ఏదీ, చూపించు."

అతను కాళ్ళకింద పలక ఎత్తాడు. ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం, దాని మధ్యలో గరాటులాంటి గుంట. ఆ గుంటలో ఇమిడే ఇనప దిమ్మ, దాని చుట్టూ తోలు పట్టీ. పెడలు తొక్కితే దిమ్మ వెనక్కి వస్తుంది, ఇంజను ఊరికే తిరుగుతుంది. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని లోపలికి నెడుతుంది, తోలు చక్రాన్ని కరుచుకుని బండిని కదిలిస్తుంది.

అత్త తోలుని వేలితో నొక్కి చూసింది. మడమలా గట్టిపడి ఉంది. "ఆముదం పట్టిస్తే?" అంది.

"ఏమో, చూద్దాం," అన్నాడు. అతనికీ తెలీదు.

పట్టించి ఊరి పక్కనున్న సుపెర్గా కొండకి బయల్దేరారు. సగం ఎక్కాక ఆముదానికి తోలు జారిపోయి, ఇంజను హోరెత్తుతోందే గానీ కారు కదల్లేదు. పక్క ద్రాక్షతోటలోంచి ఓ ముసలాయన, "గాడిదనివ్వనా?" అని అడిగాడు. బ్రేకులు పట్టుకుంటూ వెనక్కే దిగొచ్చారు.

రాత్రి భోజనాల దగ్గర అత్త మామయ్యని అడిగింది. "తోలు మెత్తగా ఉండాలి, జారకూడదు. ఏం రాస్తావు?"

"ఎద్దుకాళ్ళు ఉడకబెట్టి తీసిన నూనె. వెచ్చచేసి కొద్దిగా రాసి, ఇంకిపోయాక తుడిచెయ్యాలి. ఎవరి జీనుకే?"

"జీనుకి కాదు. కారుకి."

"కారుకి తోలెందుకు?"

"వచ్చి చూసుకో."

"నేను రాను," అన్నాడు మామయ్య. చేతులు కడుక్కుంటూ మళ్ళీ అడిగాడు. "ఆ తోలు బయటుంటుందా, లోపలా?"

మర్నాడు చేతులు వెనక్కి కట్టుకుని కార్ఖానాకి వచ్చాడు. క్లచ్చు మీదికి వంగినవాడు చాలాసేపు లేవలేదు. తనే కొత్త పట్టీ కోసి, నూనె ఇంకించి తెచ్చాడు. పట్టీ ఒక్కసారిగా కరుచుకోకుండా గౌదెంజియో దానికింద అక్కడక్కడా సన్నటి స్ప్రింగు రేకులు దూర్చాడు. ఆ ఆలోచన విని మామయ్య, "భలేవాడివే," అన్నాడు.

కారెక్కి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాసేపయ్యాక, "ఇంకెప్పుడు కదులుతుంది?" అన్నాడు.

"గేటు దాటాం," అంది అత్త.

ఆ తర్వాత కొన్నేళ్ళు క్లచ్చు పట్టీలన్నీ ఆయనే కోశాడు. ఇనప పలకల క్లచ్చులొచ్చి తోలు అవసరం తీరాక కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాడు. ఆ పలకలు నూనెలో మునిగే తిరుగుతాయని అత్త చెబితే నమ్మక, స్వయంగా వెళ్ళి విప్పించి చూశాడు. ఆ తర్వాత తను పోయేదాకా కార్ఖానాలోనే ఆవిడ పక్క బల్ల మీద సీట్లు కుట్టాడు.