పర్సిస్ ఓల్డ్ ఫ్యాషన్డ్

అమెరికాలోని పార్సిప్పనీ తెలుగు క్రైస్తవ సంఘంలో పర్సిస్ పాట ఎత్తుకుంటేనే ఆదివారం ఆరాధన మొదలైనట్టు. పదకొండేళ్లుగా అంతే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పోయినప్పుడు ఆ సంఘమంతా ఆమె కోసం నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. నలభై ఒకటో రోజున హోటల్ బార్‌లో డ్రింక్స్ కలిపే పని దొరికింది. ఆ తర్వాత ఆ ఉద్యోగం ఊసు ఎవరూ ఎత్తలేదు.

పర్సిస్ గుక్కెడు కూడా తాగదు. స్ట్రా కొసతో ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, ఏం తగ్గిందో చెప్పేస్తుంది. చేపల పులుసులో ఉప్పెంతో వాసనతోనే పట్టేసే మనిషికి అదెంత పని! విస్కీలో చక్కెర, రెండు చుక్కల చేదు కషాయం, నారింజ తొక్క కలిపితే ఓల్డ్ ఫ్యాషన్డ్. అది తాతలనాటి పద్ధతి. పర్సిస్ చక్కెర మానేసి, అత్తగారు జ్ఞానమ్మ నరసాపురం నుంచి తెచ్చిన తాటిబెల్లం పాకం పోసింది, లవంగం కాల్చి పొగ పట్టించింది. మేనేజర్ మురిసిపోయి మెనూలో ఆమె పేరుతోనే అచ్చేయించాడు. టెస్టింగ్‌లో అన్నేళ్లు కీబోర్డు అరగదీసినా ఆమె పేరు ఎక్కడా పడలేదు.

ఆ పేరే కొంప ముంచింది. ఆఫీసు డిన్నర్‌కు వచ్చిన సంఘ పెద్ద సుందర్ రాజ్ మెనూ చూశాడు. శనివారం ఇంటికొచ్చి, ఆ పేరు తీయించేదాకా పాట ఎత్తవద్దన్నాడు. ఎవరైనా అడిగితే హోటల్ ఉద్యోగమని చెప్పుకోమని సలహా కూడా ఇచ్చాడు. డిన్నర్ రోజు ఆ డ్రింకే ఆయన వెయిటర్ చేత రెండుసార్లు తెప్పించుకోవడం కౌంటర్ వెనక నుంచి పర్సిస్ చూసింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ప్రార్థన ఫలించినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఉద్యోగం దొరికిన ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారీ లేవని పర్సిస్ ఈసారి లేచింది.

“నాకు జాబ్ రావాలని మీరంతా ఫాస్టింగ్ ప్రేయర్ చేశారు. వచ్చింది. బార్‌లో డ్రింక్స్ మిక్స్ చేస్తాను. మెనూలో నా పేరుంది, తీయించను. దేవుడిచ్చిన జవాబుని నేను దాచుకోను.”

మన సంఘం వాళ్లు కూడా అక్కడికి వస్తారా అని వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది. సుందర్ రాజ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“ఎవరేం తాగారో నేను చెప్పకూడదు ఆంటీ. నేనేం కలిపానో అడగండి, చెప్తాను.”

ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకుంది. పల్లవి అయ్యేదాకా ఒంటరిగానే పాడింది. రెండో గొంతు జ్ఞానమ్మది. కాసేపటికి సుందర్ రాజ్ గొంతూ సన్నగా కలిసింది. కలవకపోయినా పర్సిస్ ఆపేది కాదు.