కేకు మీద ఆయన పేరు

మా ఆయనకు అరవై నిండినప్పుడు ఇద్దరం అండమాన్ వెళ్లాం. అక్కడ చూసినవన్నీ మరిచిపోయాను, ఒక కేకుల దుకాణం తప్ప. పుట్టినరోజు పొద్దున ఆయనకు తెలియకుండా అక్కడికి వెళ్లాను. దుకాణం నడిపే తెలుగామె, "పేరేం రాయాలమ్మా?" అంది.

"మా ఆయన పేరు. నోటితోని ఎట్ల చెప్త బిడ్డా? మా మక్తల్ దిక్కు ఆడోళ్లు మొగని పేరు చెప్పరు."

ఆమె నవ్వి, "రాజూ, క్రీము తే!" అని లోపలున్న మొగుణ్ణి కేకేసింది. నేను బిత్తరపోయాను.

"పోనీ, పేరు లేకుండా ఇచ్చేయనా?"

"వద్దొద్దు. కాయితం ఇయ్యి."

యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో 'నర్సింహులు' అని రాసిచ్చాను. నలభై ఏళ్ల కాపురంలో ఆ పేరు రాయడం అదే మొదటిసారి.

సాయంత్రం కేకు చూసి ఆయన, "నా పేరు చెప్పినవా?" అన్నాడు.

"చెప్పలే. రాసిన."

కత్తి చేతికి తీసుకున్నాడు. కోయడానికి ఆయనకు చెయ్యి రాలేదు.