మామ్మగారు మార్పించిన కార్డు

మొన్న మంగళవారం మొదటి బెల్లు కొట్టే వేళకి ఫోనొచ్చింది. మామ్మగారు నిద్రలోనే పోయారండీ అంది వాళ్ళ కోడలు. స్టాఫ్ రూములో అందరి ముందూ భోరుమన్నాను. మీకు ఏమవుతారని అడిగారు తోటి టీచర్లు. చుట్టరికం ఏమీ లేదు. రాజమండ్రిలో మేం అద్దెకున్న ఇల్లు ఆవిడది. బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి.

నోరు కాస్త దురుసు. అద్దె ఒకటో తారీఖు దాటితే ఊరుకునేవారు కాదు. మా పాపకి జ్వరమొస్తే మాత్రం అడక్కుండానే జావ కాచి తెచ్చేవారు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు వెనకవైపు తిప్పి చదివేవారు. అసలు సంగతి ఎప్పుడూ అక్కడే ఉంటుందనేవారు.

నేను నా కార్డు కాగితం అలా తిప్పి చదవలేదు. అదే నా ఖర్మ.

పుష్కరాలొచ్చాయి. ఆ పన్నెండు రోజులూ మా రెండు గదుల నిండా చుట్టాలే. స్నానానికొచ్చిన ఆడపడుచుని చీర పెట్టకుండా ఎలా పంపుతాం? ఒకరికి పెట్టి ఇంకొకరికి మానేస్తే ఇంకేమైనా ఉందా! అప్పుడే ఓ కుర్రాడు స్కూలుకొచ్చి అంటగట్టి వెళ్ళిన క్రెడిట్ కార్డు నా దగ్గరుంది. గీకాను. మావారు వద్దంటారని తెలుసు కాబట్టి చెప్పలేదు. ఆపైన నెలనెలా బిల్లులో కనీసం ఇంత కట్టాలని రాసే ఆ మినిమం మాత్రం కట్టేస్తూ, ఎంత బుద్ధిగా తీరుస్తున్నానో అని మురిసిపోయాను. ఏడాది తిరిగేసరికి బాకీ తగ్గకపోగా పెరిగింది. ఇక నా గొలుసు తాకట్టు పెట్టేసి, ఎక్కడో పడిపోయిందని మావారికి అబద్ధం చెప్పడానికి సిద్ధపడ్డాను.

బంగారం మీద అప్పు ఎక్కడ త్వరగా ఇస్తారని మామ్మగారిని అడిగి దొరికిపోయాను. ఆవిడ ఆరా తీసి, కార్డు స్టేట్‌మెంటు లాక్కుని, వెనక్కి తిప్పారు. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. మర్నాడు తనే బజారుకెళ్ళి ఇంకో బ్యాంకు కాగితం తెచ్చారు. ఆ బ్యాంకు కార్డు తీసుకుంటే నా పాత బాకీ వాళ్ళు కట్టేస్తారు, నేను వాళ్ళకి కట్టుకోవాలి. ఆర్నెల్లపాటు వడ్డీ రూపాయిలోపే. ఏడో నెల వస్తే మళ్ళీ మొదటికే.

"కార్డు మారితే అప్పు తీరినట్టు కాదమ్మాయ్. తీర్చుకోడానికి కాస్త ఊపిరాడుతుంది, అంతే" అన్నారు, ఫారం మీద సంతకం పెట్టిస్తూ.

బాకీ అటు మారింది. పాత కార్డు ఖాళీ అయింది. నెల తిరక్కుండా నర్సాపురం నుంచి మా తోడికోడలు వచ్చింది. పాపం, పుష్కరాలకి రాలేకపోయింది. ఆవిడ వంతు చీర బాకీ ఉండిపోయింది కదా! ఆ ఖాళీ కార్డే మళ్ళీ గీకాను. నా తెలివి అలా ఏడిసింది.

రెండు రోజులు కడుపులో దాచుకుని, మూడో రోజు ఆవిడకి చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. కత్తెర తెచ్చి నా చేతే కార్డు కోయించారు. ఆ చీర డబ్బు కట్టేసి కార్డు రద్దు చేయమని బ్యాంకుకి ఉత్తరం రాయించారు.

"ఇది కోస్తే చాలదు. మీ ఆయనకి చెప్పు. ఈ అప్పు దాచినన్నాళ్ళూ నువ్వు ఏ చుట్టానికీ లేదనలేవు" అన్నారు.

మీరూ పక్కన ఉండండి మామ్మగారూ అని బతిమాలాను. ఆలుమగల మధ్య నేనెందుకని విదిలించేశారు.

ఆ సాయంత్రం మావారు కాఫీ తాగుతుండగా మొత్తం చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "ముందే చెబితే ఇద్దరం కట్టేవాళ్ళం కదా" అన్నారు. అంతే. ఇద్దరం కలిసి కడితే అయిదో నెలకే తీరిపోయింది. నా గొలుసు నా మెడలోనే ఉంది, నా కాపురం నా కాపురంలా ఉంది. ఇవాళ ఆవిణ్ణి తలుచుకుంటే మనసు నిండిపోతోంది.

ఆ సాయంత్రం మావారు ఆ మాట అనగానే కళ్ళు తుడుచుకుని, అది ఆవిడకి చెబుదామని వీధి తలుపు తీశాను. మా గుమ్మం మెట్ల మీదే కూర్చుని ఉన్నారు మామ్మగారు, ఒళ్ళో గోంగూర చేటతో. ఎప్పుడొచ్చారో తెలీదు. చేటలో ఆకంతా ఎప్పుడో ఒలిచేశారు. ఆవిడ వేళ్ళు మాత్రం ఒట్టి కాడల్ని చిన్నచిన్న ముక్కలుగా విరుస్తూనే ఉన్నాయి.