రోజుకో వరస అల్లిన వల

మా డ్రిల్లు మాస్టారు పోయారండి. పోయిన నెల ఓ పొద్దున్న షాపు షట్టరు ఎత్తుతుంటే వాళ్ళమ్మాయి ఫోను చేసింది. "నాన్నగారు నిద్రలోనే వెళ్ళిపోయారన్నయ్యా" అంది. అలాగే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపు కంటే ముందు నాకేం గుర్తొచ్చిందో తెలుసా అండీ? అయ్యో, వల ఇంకా పూర్తి కాలేదే అని.

ఏలూరులో నాది వలలు, తాళ్ళు, చేపల చెరువుల సామాను అమ్మే షాపు. మాస్టారి ఇల్లు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. స్కూల్లో మా చేత పరుగులు తీయించిన మనిషి. పుట్టింది మాత్రం కొల్లేటికోటలో, చేపలు పట్టుకుని బతికే ఇంట్లో. ఉద్యోగం వచ్చాక మళ్ళీ వల ముట్టుకోలేదట. రిటైరయ్యాక ఒక్కటే కోరిక పట్టుకుంది. వాళ్ళ నాన్నలాగా విసురువల తన చేత్తో అల్లాలి, కొల్లేట్లో తాటిదోనె మీద నిలబడి తనే విసరాలి.

మొదటిరోజు వచ్చి దారం అడిగారు.

"దారం దేనికి మాస్టారూ? అల్లిన వలలే ఉన్నాయి కదా. తీసుకెళ్ళారంటే సాయంత్రానికి విసిరేయొచ్చు."

"పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసిన బాపతు నువ్వు! దారం ఇవ్వవయ్యా."

ఆ మర్నాటి నుంచి కాఫీ తాగగానే అరుగు మీద కూర్చుని, వెదురు సూదితో ఒక వరస అల్లేవారు. వరస అయ్యేదాకా ఎవరొచ్చినా లేచేవారు కాదు. వాళ్ళావిడ నాకు వినబడేలా అనేవారు: "పెళ్ళయినప్పటి నుంచి నా ఎదురుగా ఎప్పుడైనా ఇంతసేపు కదలకుండా కూచున్నారేమో అడుగు బాబూ!"

ఆదివారం కదా, రెండు వరసలు లాగించెయ్యండి అంటే వినేవారు కాదు. "చెయ్యి అలిసాక వేసిన ముడి జారిపోద్దయ్యా. రేపు పొద్దున్న మళ్ళీ దాన్ని విప్పుకుంటా కూచోవాలి. ఈరోజుది ఈరోజు చేస్తే చాలు."

నా షాపు అప్పట్లో చూడాల్సింది మీరు. అడిగిన తాడు దొరికేలోపు బేరం పక్క షాపుకి పోయేది. "మొత్తం సర్దుదామని చూడకు, భయమేసి వదిలేస్తావు. రోజుకో అర సర్దు" అన్నారు మాస్టారు. ఇవాళ్టికీ తెరవగానే ఒక అర దులిపి సర్దందే బేరం మొదలుపెట్టను. కళ్ళు మూసుకుని అడిగిన సామాను తీసిస్తున్నానంటే ఆయన చలవే.

అయితే విసురువలతో ఒక చిక్కుంది. పైన పిడికెడంత చోట మొదలై కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది. మొదట్లో కాఫీ గ్లాసు కడిగేలోపు వరస పూర్తయ్యేది. తర్వాత తర్వాత పొద్దంతా పట్టేది. పని పెరుగుతూ వచ్చింది, మాస్టారి ఓపిక తగ్గుతూ వచ్చింది. వరస కుదరనిరోజు సగం అల్లేవారు. సగం కూడా కాకపోతే నాలుగు ముడులు. కంటికి ఆపరేషనయి గుడ్డ కట్టినప్పుడు కూడా వేళ్ళతో తడుముకుంటూ అల్లారు తప్ప మానలేదు.

చివరికి అల్లిక అయిపోయింది. వల మునగడానికి అంచు చుట్టూ సీసం గుళ్ళు కట్టాలి, అంతే మిగిలింది. సగానికి పైగా కట్టేశారు కూడా. నేను ఉండబట్టలేక అన్నాను: "ఆదివారం కారు మాట్లాడతాను మాస్టారూ. ఉన్న గుళ్ళతోనే ఒకసారి విసిరేసి వద్దాం."

"వెళ్ళి రండి, ఆ నీళ్ళయినా చూసొస్తారు" అన్నారావిడ.

"సగం యూనిఫాంతో వస్తే నిన్ను గేటు లోపలికి రానిచ్చానా? పూర్తి కానీవయ్యా" అన్నారు మాస్టారు. ముగ్గురం నవ్వేశాం. ఆ నవ్వే ఇప్పుడు గుచ్చుకుంటోందండి.

రోజూ కొంచెం చెయ్యడం తప్పని నేననను. అది నాకు అన్నం పెడుతోంది. కానీ పనికి ప్రతి పొద్దునా ఇచ్చిన మనిషి, ఆ పని దేనికోసమో దానికి ఒక్క ఆదివారం ఇవ్వలేకపోయారు. ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టి ఉంటే బావుండేది. అరిగిపోయిన ఆ మోకాళ్ళతో ఇక దోనె మీద నిలబడలేనని ఆయనకీ తెలిసే ఉంటుంది. అందుకేనేమో, గుళ్ళు కట్టడం మరీ నెమ్మది చేశారు. నిలబడలేకపోతే కూర్చునే చూసేవారు కదా అనిపిస్తుంది నాకు.

కార్యక్రమాలన్నీ అయ్యాక మొన్న వాళ్ళావిడ, అమ్మాయి, నేను కలిసి వల తీసుకుని కొల్లేటికోట వెళ్ళాం. మిగిలిన గుళ్ళు కట్టి తెమ్మంటారా అని ముందే అడిగాను. "వద్దు బాబూ. ఆయన చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడిదాకానే ఉండనీ" అన్నారావిడ.

ఆ ఊళ్ళోనే ఉండే మాస్టారి తమ్ముడు దోనె మీద నిలబడి విసిరాడు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుంది. గుళ్ళున్న వైపంతా బుడుంగున మునిగిపోయింది. గుళ్ళు లేని ఆ కాస్త అంచు మాత్రం నీళ్ళ మీద తేలుతూ, అలకి కదులుతూ ఉండిపోయింది. తాడు చేతిలోనే ఉన్నా అతను లాగలేదు. దానివైపే చూస్తూ నిలబడ్డాడు.