మామ కిందుండాడు

పెనుకొండలో ఆఫీసుల వీధి గోడవారన బల్ల వేసుకుని ముప్పై రెండేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. నా పేరు ఓబుళప్ప. బతికున్న మనిషికి తాను బతికే ఉన్నానని రాసిచ్చాను. ఇద్దరు పిల్లల తల్లికి తనకు పెళ్ళయిందని రాసిచ్చాను. అయితే "స్తంభం మీదుండింది నేనే అని రాయి సారూ" అంటూ వచ్చినవాడు మాత్రం ఒక్కడే. తుమ్మలగొంది కుళ్లాయప్ప. వాడికి పదకొండు అర్జీలు రాశాను. పదకొండూ బూడిదలో పోసిన పన్నీరే. పన్నెండోది మొన్న సోమవారం రాశాను. దాన్ని అర్జీ అనాలో ఏమనాలో నాకింకా తెలియడం లేదు.

కుళ్లాయప్పది గొర్రెలు కాసే ఇల్లు. పదో తరగతి తప్పాడు. ఇరవై మూడేళ్ళప్పుడు ఒకరోజు ఊళ్ళో కరెంటు పోతే లైన్‌మ్యాన్ రంగయ్య వచ్చి, స్తంభం కింద నిలబడి మోకాలు పట్టుకుని మూలిగాడు. పక్కనే ఉన్న మనవాడు "నేను ఎక్కేదా మామా?" అన్నాడు. వరసకు మామేమీ కాదు, నోటి మర్యాదకు అన్నమాట. ఎక్కాడు. ఆ ఎక్కినవాడు పదిహేనేళ్ళు దిగలేదు.

లోకంలో ఇదొక ఏర్పాటు. జీతం ఒకడిది, స్తంభం ఒకడిది. ఎక్కేవాణ్ణి "ప్రైవేటు మనిషి" అంటారు. వాడి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు, ఉండకూడదు. రంగయ్య పెనుకొండలో ఇంటి అరుగు మీద కూర్చుని ఫోనెత్తేవాడు. కుళ్లాయప్ప ఏడు పల్లెల్లో స్తంభాలెక్కేవాడు. ఆ పల్లెల్లో ఎవరినడిగినా లైన్‌మ్యాన్ అంటే కుళ్లాయే. రంగయ్య నంబరు ఒక్కడి దగ్గరా లేదు. "పైన చెప్పినా కుళ్లాయీ, రేపో మాపో నిన్ను తీసుకుంటారు" అని రంగయ్య ఏటేటా ఉగాది పచ్చడి పెట్టినట్టు చెప్పేవాడు. వీడు నమ్మాడు. నమ్మకపోతే ఎక్కడానికి కాళ్ళాడవు కదా.

అప్పట్లో పెనుకొండకు వస్తే నా బల్ల దగ్గర కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్పేవాడు. ఫ్యూజు పెట్టె తెరిస్తే లోపల నాగుపాము చుట్ట చుట్టుకుని ఉందట. స్తంభం మీద ఉండగా తేనెటీగలు లేస్తే కళ్ళు మూసుకుని అరగంట అలాగే కరుచుకున్నాడట. కొండ వెనక గుండు మీద చిరుతపులి పడుకుని, వీడు తీగ బిగించినంతసేపూ చూసి, అయిపోయాక లేచిపోయిందట.

"ఆఫీసరు ఒక్కడూ నా పని చూళ్ళేదు సారూ. అడివిలో ఉండే జీవాలన్నీ చూసినాయి" అనేవాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంతా ఆ మాట మీదే తిరిగింది. పామును పొలంలో పాము అనరు, పురుగు అంటారు కదా. తుమ్మలగొందిలో ఎలుగుబంటిని కూడా పేరు పెట్టి పిలవరు. పిలిస్తే పలుకుతుందని భయం. వాళ్ళు దాన్ని "మామ" అంటారు. నల్ల కంబళి కప్పుకుని, తల వంచుకుని, ఊగుతూ మేనమామలా వస్తుందని ఏ ముసలిదో పెట్టిన పేరు. "మామ రేగుచెట్టు కాడికి వచ్చినాడు", "మామ చెనిక్కాయలు తవ్వినాడు" అంటే ఆ ఊళ్ళో చంటిపిల్లకు కూడా అర్థమవుతుంది. మైలు దూరం పోతే ఎవరికీ అర్థం కాదు.

పోయిన కార్తీకమాసంలో గాలికి చౌడక్క తోట దగ్గర పెద్దలైను తీగ తెగింది. చౌడక్క ఒంటరి ఆడమనిషి. కొండ మొదట్లో రెండెకరాల మల్బరీ పెట్టి, పట్టుపురుగులు మేపి, గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు వేస్తుంది. మూడు రోజులుగా తోటకు నీళ్ళు లేవు, పురుగులు ఆకు కోసం తలలెత్తుతున్నాయి. తెల్లవారగానే కుళ్లాయప్ప వెళ్ళాడు. అక్కడినుంచి రంగయ్యకు ఫోన్ చేశాడు. రంగయ్య సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే, ఫలానా మనిషి స్తంభం ఎక్కుతున్నాడు, అతను దిగానని చెప్పేదాకా కరెంటు వదలరాదు అని. ఆ ఫలానా మనిషి పేరు పుస్తకంలో రాస్తారు. రాసింది రంగయ్య పేరు. "నేను ఎక్కుతాండా. నా ఫోన్లో ఛార్జింగు లేదు, ఏమన్నా ఉంటే మావాడు కుళ్లాయికి చెయ్యి" అని కూడా చెప్పి, కాఫీ తాగడానికి లోపలికి పోయాడు.

సబ్‌స్టేషన్‌లో ఆ పూట ఆపరేటరు చంద్ర. హిందూపురం పిల్లవాడు, కొలువులో చేరి రెండు నెలలు. పాత ఆపరేటర్లకు ఎక్కేది ఎవరో తెలుసు. ఈ చంద్ర మాత్రం పుస్తకంలో రంగయ్య అని ఉంటే ఎక్కింది రంగయ్యే అనుకున్నాడు. ఆ శాఖ మొత్తంలో కాగితాన్ని నమ్మినవాడు వాడొక్కడే. అదే ప్రాణం మీదికి తెచ్చింది.

కుళ్లాయప్ప పైకి ఎక్కి, తెగిన తీగ చివర కుడిచేత్తో పట్టుకుని కడుతున్నాడు. మిగిలిన తీగ కిందికి వేలాడుతోంది. స్తంభం మొదట్లో చెదపుట్ట ఉంది. మామకు చెదలంటే మహా ఇష్టం. తోట గట్టు మీదుగా ఊగుతూ వచ్చి పుట్ట తవ్వడం మొదలుపెట్టింది. చౌడక్క చూసి మోటారు షెడ్డులో దూరి తలుపు వేసుకుంది. పైన వీడు బిగుసుకుపోయాడు. ఎలుగుబంటి స్తంభాలు కూడా ఎక్కుతుందో లేదో వాడికి తెలియదు. పావుగంట గడిచింది. జేబులో ఫోన్ మోగింది.

మోత విని మామ తలెత్తింది. వీడు ఎడమచేత్తో తడుముకుని గబుక్కున ఎత్తాడు.

"ఏమప్పా, ఇంకా ఎంతసేపు? పల్లెలోళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసి సంపుతాండారు" అన్నాడు చంద్ర.

కుళ్లాయప్ప గుసగుసగా అన్నాడు. "మామ కిందుండాడన్నా."

"కిందనే ఉండాడా?"

"ఊఁ. కిందనే. కిందనే ఉండాడు."

"సరే, పెట్టెయ్."

ఇతనికి అర్థమైంది, ఆగుతాడు అనుకున్నాడు కుళ్లాయప్ప. కుళ్లాయి మామా అని పిలిచేది రంగయ్యనే అని చంద్రకు తెలుసు. రంగయ్య దిగేశాడు, ఇక పైన ఎవరూ లేరు అనుకున్నాడు. పుస్తకంలో పని పూర్తయినట్టు రాసి, టైము వేసి, కరెంటు వదిలాడు.

కుళ్లాయప్ప కుడిచెయ్యి కాలిపోయింది. వేలాడే తీగ తగిలి మామ ఉన్నచోటే చచ్చింది. లైను దానంతటదే ట్రిప్పయింది, వీడు ముప్పై అడుగుల పైనుంచి పడ్డాడు. పడింది ఎలుగుబంటి మీద. ఆ మెత్త లేకపోతే నడుం విరిగేదని డాక్టర్లన్నారట. ధర్మవరం తీసుకుపోతే వాళ్ళు బెంగళూరు పొమ్మన్నారు. బెంగళూరులో మోచేతి పైదాకా చెయ్యి తీసేశారు.

ఆ తర్వాత జరిగింది వింటే అడవి జంతువులే నయమనిపిస్తుంది. ఎలుగుబంటికి పంచనామా జరిగింది. నాలుగు వైపులనుంచి ఫొటోలు తీశారు, పశువుల డాక్టరు కోసి చూశాడు, ఆరు పేజీల రిపోర్టు రాశారు, మర్యాదగా దహనం చేశారు. కుళ్లాయప్పకు అర పేజీ కూడా లేదు. విచారణలో రంగయ్య ఇలా చెప్పాడు: "నేనే ఎక్కినాను, పని ముగించి దిగినాను, దిగినట్టు ఫోన్లో చెప్పించినాను. నేను పోయినాక తీగ దొంగతనానికి ఎవడో ఎక్కి ఉంటాడు." చంద్ర విన్నది విన్నట్టు చెప్పాడు: "మామ కిందున్నాడు అన్నాడు సార్." రెండూ అతికినట్టు సరిపోయాయి.

చౌడక్కను పిలిచారు. "నేను షెడ్లో ఉంటి, ఏమీ చూళ్ళేదు" అంది. నేను మార్కెట్టు రోజున ఆమెను నిలేసి అడిగాను. నీ తోట కోసం పోయి చెయ్యి పోగొట్టుకున్నాడు, నోట్లో మన్ను పోసుకున్నావా అని. ఆమె నా మొహంలోకి చూడలేదు.

"రంగయ్యతో పెట్టుకుంటే మళ్ళా నా లైను తెగినప్పుడు ఎవరొస్తారు సామీ? నాకూ తోట ఉండాది" అంది.

ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎందుకంటే వాడి గొంతు కోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మొదటి అర్జీ నేనే రాశాను కదా. కుళ్లాయప్ప ఆస్పత్రి మంచం మీదనుంచి "మామ కిందుండాడని చెప్పినా సారూ" అని అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. నా కలానికి అది మోటుగా తోచింది. ముప్పై రెండేళ్ళ అలవాటు. "స్తంభము క్రింద ఎలుగుబంటి ఉన్నదని సదరు ఆపరేటరు గారికి ఫోను ద్వారా విన్నవించుకొంటిని" అని సింగారించి రాశాను. ఆఫీసులో రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ఫోన్లో అన్నది మామ, అర్జీలో రాసింది ఎలుగుబంటి. మాట మార్చాడు కాబట్టి అబద్ధమని తేల్చారు. తర్వాత పది అర్జీల్లో మామ అంటే ఎలుగుబంటే మహాప్రభో అని మొత్తుకుంటే, కొత్తగా కథ అల్లుతున్నాడన్నారు. ప్రతిసారీ ఒకే జవాబు: "ఆ పేరు గల వ్యక్తి మా రికార్డులలో లేడు."

చంద్ర ఒకసారి నా బల్ల దగ్గరికి వచ్చి ఏడ్చాడు. "పుస్తకంలో ఉండేది నమ్మినా సార్" అన్నాడు. నమ్మడం తప్పని ఏ నోటితో చెప్పను?

కుళ్లాయప్ప మాత్రం ఏడవడు. "ఒక మామ నన్ను పట్టుకున్నాడు సారూ. ఇంకో మామ వదిలేసినాడు" అన్నాడొకసారి, అంతే. వాడికి ఒకటే పట్టు. నష్టపరిహారం మాట వాడి భార్య కదిరమ్మ ఎత్తుతుంది, వాడు ఎత్తడు. దొంగ అన్న మాట పోవాలి. ఆ రోజు స్తంభం మీద పనిచేస్తున్నది తానేనని ఏదో ఒక సర్కారు కాగితం చెప్పాలి. ఏడు పల్లెల్లో పదిహేనేళ్ళు దీపాలు వెలిగించినవాడికి అదొక్కటే కావాలి.

మొన్న సోమవారం ఆ కాగితం వచ్చింది.

వాడు బస్సు దిగి పరిగెత్తినట్టే వచ్చాడు. ఖాళీ చొక్కా చెయ్యి గాలికి కొట్టుకుంటోంది. ఏడాదిగా వాడి మొహంలో వెలుగు చూడలేదు నేను. "సారూ, వచ్చినాది! నా పేరుండాది చూడు!" అని బల్ల మీద పరిచాడు. ముందే మూడు జిరాక్సులు కూడా తీయించుకొచ్చాడు.

అది అడవిశాఖ వాళ్ళ నోటీసు. చదివాను. ఫలానా తేదీ ఉదయం కుళ్లాయప్ప అను వ్యక్తి, వృత్తి కూలి, అనుమతి లేకుండా విద్యుత్ స్తంభంపై ఉండి, తీగను కిందికి వదిలి, రక్షిత వన్యప్రాణి అయిన ఎలుగుబంటి మరణానికి కారకుడైనందున, అతనిపై కేసు ఏల పెట్టరాదో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

"స్తంభంపై ఉండి అని రాసినారు గదా సారూ?"

"రాశారు రా. చదివావా కింద ఏముందో? జైలుకు పంపుతారు."

"చదివినా."

వకీలు దగ్గరికి లాక్కుపోయాను. ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు. స్తంభం మీద ఎవరున్నారో చూసిన సాక్షి లేడు. ఆ పూట నేను స్తంభం ఎక్కలేదు, దారిన పోతుంటే తీగ తగిలిందని ఒక్క ముక్క రాసిస్తే కేసు నిలవదు. రంగయ్య కూడా అదే కబురు పంపాడట: "ఎక్కలేదని రాయి కుళ్లాయీ, నీకూ మంచిది, అందరికీ మంచిది." నేనూ బతిమాలాను. కదిరమ్మను, బిడ్డలను గుర్తు చేశాను. ఒక్క అబద్ధం రా, నీ మీద ఇంతమంది ఇన్ని ఆడలేదా అన్నాను.

కుళ్లాయప్ప బల్ల ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"ఎక్కలేదని నేనే రాసిస్తే, ఇంక నన్ను ఎక్కినోడని చెప్పేటోడు యాడుండాడు సారూ?" అన్నాడు. "చచ్చిపోయిన మామ ఒకడే గదా చూసింది. ఆయన కేసు ఆయన్ని వేసుకోనీ. రాయి. ఆ పొద్దు స్తంభం మీదుండింది నేనే అని రాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదనో తెలియలేదు. కాగితం తీసి రాశాను. ఈసారి సింగారించలేదు. "మామ కిందుండాడు" అని వాడన్నది అన్నట్టే రాసి, మామ అంటే ఏమో కింద రాశాను. వృత్తి అన్నచోట కలం ఆగింది.

"ఏమి రాయమంటావు?"

వాడు సిగ్గుపడుతూ, "లైన్‌మ్యాన్ అని రాస్తే తప్పా?" అన్నాడు.

రాశాను. వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. ఇదివరకటి పదకొండింటి మీదా వాడి తరఫున కదిరమ్మ సంతకం పెట్టింది, ఇది మాత్రం వాడే పెట్టాలి. వాడికి సంతకం వచ్చు, చెయ్యి లేదు. నేను సొరుగులోంచి సిరా పెట్టె తీసి మూత తెరిచాను. వాడు బొటనవేలు అద్దుతూ నన్ను చూసి నవ్వాడు.

"మగోళ్ళకి ఎడమచేతిదే గదా సారూ అడిగేది. అది ఉండాదిలే."