మగ్గం గుంటలో వాన వాసన

సరిగ్గా కూచోని రాసుకో అమ్మీ. మధ్యలో లేసిపోతే మళ్లా మొదటినుంచి సెప్పను.

దెయ్యాలూ గియ్యాలూ నేను ఏనాడూ నమ్మలేదు. మీ తాత పోయినంక ఎమ్మిగనూరులో ఈ ఇంట్లోనే ఒక్కదాన్నే పండుకున్నాను. ఏమీ కనపడలేదు, ఏమీ ఇనపడలేదు.

వసారాలో మీ తాత మగ్గం గుంట ఉంది కదా, దాంట్లో కాళ్లు పెట్టి కూచోని నేసేటోడు. నూలుకు పట్టించగా మిగిలిన పులిసిన గంజి ఆ గుంట మూలనే పోసేటోడు. "నా మట్టి కూడా తాగనీలే" అని నవ్వేటోడు. ఆయన పోయినంక గుంట మీద బండ కప్పినాం.

మీ అక్క సరళ హైదరాబాదులో మందుల సదువు సదువుతాంది కదా. పోయినసారి వచ్చి, బండ జరిపి, చెంచాడు మట్టి సీసాలో ఎత్తుకపోయింది. ఆ మట్టిలో కంటికి కనపడని జీవులుంటాయంట. దోసె పిండి పులిసినట్ల వాటిని తీపినీళ్లలో పులియబెడితే, అవి వదిలే రసంలోనుంచి మందు తీస్తారంట.

"మీ తాత కాళ్ల కింద మట్టిలో మందేందే?" అని ఎగతాళి చేసినాను.

"నువ్వు మింగే మాత్రలు కొన్ని ఇట్ల వచ్చినవే అవ్వా" అన్నది.

చిన్న గాజుతట్టలో బాగా పెరిగిన ఆ జీవి, పెద్ద జాడీలోకి మార్చినంక మొండికేసింది. ఏం పెట్టినా తినలేదు. ఇంకొక్క పొద్దు చూసి పారెయ్యమన్నాడంట వాళ్ల సారు, మళ్లా అంతా మొదటినుంచి చెయ్యాలంట. ఫోనులో సరళ ఒకటే ఏడుపు.

మరుసటి పొద్దు మధ్యాన్నం, మండే ఎండ. నిన్న అన్నం వార్చిన గంజి పులిసి ఉంది. ఏమనుకున్నానో ఏమో, బండ జరిపి గుంట మూలన పోసినాను. అంతే, తొలకరి పడ్డట్ల ఇల్లంతా వాసన! బయట చూస్తే మబ్బు తునక లేదు. పక్కింటామె గడపదాకా వచ్చి, "యాడ పడింది పెద్దమ్మా వాన?" అని అడిగింది.

సాయంత్రం సరళ ఫోను. "అవ్వా, పెరిగింది! మధ్యాన్నం జాడీ ఉన్న గదిలోకి పోతే ఒకటే వాన వాసన!"

ఆ వాసన ఆ జీవులదేనంట. నేను గంజి పోస్తే ఈడివి లేసినాయంట. సరే, ఒప్పుకుంటాను. మరి ఆడ ఎవరు పోసినారు గంజి?

"మేము కొత్తగా ఏమీ వెయ్యలేదవ్వా" అన్నది. ఈపొద్దుకూ దానికీ తెలీదు, నాకూ తెలీదు.

ఇంకొకటుంది, దానికి సెప్పలేదు. ఆ పొద్దు మళ్లా బండ కప్పేటప్పుడు చూసినాను. గంజి పోసింది మూలన. తడి మాత్రం మీ తాత కాళ్లు పెట్టే తావున, రెండు...

"అత్తా! సంగటి సల్లారిపోతాంది, రా!"

వస్తాండానమ్మా! మీ అమ్మ ఊరుకోదు. పట్టు నా చెయ్యి, లేపు. ఆ తడి రెండు అడుగుల జాడలు, అచ్చం...