మిల్లిగ్రాము గారి క్యాసెట్

మిల్లిగ్రాము వస్తున్నాడంటే చాలు, మార్కెట్ వీధిలో తాసులన్నీ ఒక్కసారిగా బుద్ధి తెచ్చుకునేవి. మిల్లిగ్రాము అన్నది దుకాణాల వాళ్లు పెట్టిన పేరు. ఆయన తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆయన చూడని మోసం లేదు. పళ్లెం అడుగున అయస్కాంతం అంటించినవాడు, గుండు అడుగున తొలిచి సీసం లాగేసినవాడు, తూచేటప్పుడు చిటికెన వేలు ఆనించి ఆకాశంలో కాకుల్ని లెక్కపెట్టేవాడు, అందరూ ఆయన చేతికి చిక్కినవాళ్లే. చిక్కినవాడి మీద ఆయన అరిచేవాడు కాదు. చచ్చిన ఎలుకను చూసినట్టు ముక్కు చిట్లించి, "ఛీ!" అనేవాడు. ఆ ఛీ పడేకన్నా జరిమానా కట్టడమే నయమని దుకాణాల వాళ్లు చెప్పుకునేవారు.

ఆఫీసులో విప్పి వచ్చే కోటు కాదు గదా ఈ గుణం, ఇంటికీ వెంట వచ్చేది. సబ్బు తడిగా ఉంటే అసహ్యం. సొరుగు సగం తెరిచి ఉంటే అసహ్యం. టూత్‌పేస్టును నడుం దగ్గర నొక్కితే మరీ అసహ్యం. ఇన్ని అసహ్యాల మధ్య ఆయన భార్య పాతికేళ్లు కాపురం చేసిందంటే ఆవిడ ఓపికకు దండం పెట్టాలి. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. డ్యూటీలు మారుతుంటాయి. ఆమె వచ్చేసరికి ఈయన బయల్దేరడం, ఈయన వచ్చేసరికి ఆమె చెప్పులు వేసుకోవడం. వారమంతా ఇద్దరూ కలిసేది గుమ్మంలోనే. ఇద్దరికీ కలిసొచ్చేది ఒక్క ఆదివారం పొద్దుటి పూట.

ఆ పూటే సైకిళ్లు తొక్కేవారు. నాలుగేళ్ల కిందట ఆయన రక్తంలో చక్కెర పెరిగిందని తెలిసినప్పుడు, రెండు వీధుల అవతల సైకిల్ షాపు నడుపుతున్న బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు, సన్నటి టైర్లూ వంపు హ్యాండిళ్లూ ఉన్న రెండు రోడ్డు సైకిళ్లు తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. ఊరి బయట తొమ్మిది కిలోమీటర్ల కొండదారి ఉంది, పదకొండు మలుపులు. ఏటా ఒక ఆదివారం ఆ దారిలో బళ్లు ఆపేసి పొద్దున పది దాకా సైకిళ్లకే వదిలేస్తారు. మిగతా ఆదివారాలు బళ్ల మధ్యే అక్కడ సాధన. మూడేళ్లూ ఒకటే వరస. ఆమె ముందు ఎక్కేది, మలుపులో ఆగి వెనక్కి చూసేది, ఈయన ఎగశ్వాసతో వచ్చేవాడు.

"ఈసారి నీకన్నా ముందుంటాను చూడు" అన్నాడాయన, ఆ ఆదివారానికి ఇంకా ఆర్నెల్లు ఉందనగా.

"ముందు వద్దండీ. పక్కన చాలు" అందామె. "ఒక్కసారి పక్కపక్కన ఎక్కుదాం. నేను ఆగి చూడకుండా, మీరు నన్ను అందుకోకుండా. అంతే నాకు కావలసింది."

సరేనని మాటిచ్చాడు. మాటివ్వడం వరకు బాగానే ఉంది, ఆ తర్వాతే బుద్ధి గడ్డి తింది.

వెనక చక్రం మధ్యలో ఒకదాని పక్కన ఒకటిగా పేర్చిన పళ్ల చక్రాల దొంతర ఉంటుంది, దాన్నే క్యాసెట్ అంటారు. అందులో పెద్ద చక్రం ఎంత పెద్దదైతే కొండ మీద కాళ్లకు అంత సులువు. ఆమె సైకిలుకున్న పెద్ద చక్రానికి ముప్పైనాలుగు పళ్లు. అందుకే ఆమె కూనిరాగం తీస్తూ ఎక్కేది. ఈయనా అలాంటిదే వేయించుకుంటే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఈయనకు జన్మలో నమ్మకం ఉన్నది ఒక్క బరువు మీదే. మనుషులు అబద్ధమాడతారు గానీ బరువు ఆడదని ఆయన సిద్ధాంతం. తేలిగ్గా ఉన్నది కొండెక్కుతుంది, బరువున్నది ఎక్కదు, ఇందులో ఆలోచించడానికి ఏముందని వాదన.

కొండకు కొత్త క్యాసెట్ కావాలని షాపుకెళితే, బావమరిది రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి ముప్పైనాలుగు పళ్లది, మొద్దు ఉక్కు. రెండోది ఒకే ఉక్కు ముద్దను లోపలంతా బోలుగా తొలిచి చేసింది. పెద్ద చక్రం మాత్రం అల్యూమినియం, దానికి ఇరవై అయిదే పళ్లు. చూడటానికి నగలా ఉంది.

"బావా, ఆ నగ నీకు కాదు. పోటీలకెళ్లే కుర్రాళ్లది. దీంతో కొండెక్కితే నీ మోకాళ్లు నీతో మాట్లాడవు."

"బరువెంత?"

"బరువు సంగతి తర్వాత. ముందు పళ్లు చూడు."

"పళ్లు చూసి కొనడానికి ఎద్దేమిట్రా? బరువెంతో చెప్పు."

"డబ్బా మీద నూట అరవై ఎనిమిది అని ఉంది. ఇటువైపుది మూడొందల డెబ్భై."

"రెండొందల గ్రాముల తేడా!"

"ఆ రెండొందలూ పొట్టలోంచి తియ్యి బావా. ఒక్క వారం టీలో బిస్కెట్లు ముంచడం మానేస్తే దిగిపోతాయి."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? తొక్కేది నేను. బిగించు."

బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. కానీ బిగించే ముందు ఒకసారి తూచి తెస్తానని మిల్లిగ్రాము దాన్ని తీసుకెళ్లాడు.

ఆఫీసులో ప్రమాణపు గుండ్లు ముఖమల్ పెట్టెలో ఉంటాయి. చేతి చెమట అంటుకుంటే బరువు మారుతుందని వాటిని పటకారుతోనే పట్టుకోవాలి. ఆ పటకారుతోనే క్యాసెట్‌ను ఎత్తి, గాజు తలుపుల తాసులో పెట్టి, తలుపు మూసి, ఊపిరి బిగబట్టి చూశాడు. నూట ఎనభై ఒకటి!

"ఛీ! పదమూడు గ్రాముల దొంగతనం! అచ్చేసి మరీ అబద్ధం!"

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. కంపెనీకి మూడు పేజీల ఉత్తరం రాశాడు. దానికి జవాబు లేదు. అయినా ఆ క్యాసెట్‌నే బిగించుకున్నాడు. బరువు దగ్గరే అబద్ధమాడినవాడు పళ్ల గట్టితనం గురించి నిజం చెబుతాడా అన్న అనుమానం మాత్రం, లోకంలో ప్రతివాణ్నీ అనుమానించే ఈ మనిషికి రాలేదు. ఏమనాలి!

ఇక దానితో కాపురం మొదలైంది. లోపలంతా బోలు కాబట్టి డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు చప్పుడు. రోడ్డు మీది దుమ్మూ చైను నూనే కలిసి ఆ బోలులో నల్లటి జిగురై పేరుకునేది. ఆదివారం మధ్యాహ్నం బాత్‌రూమ్ నేల మీద గొంతుక్కూచుని, పాత టూత్‌బ్రష్షుతో సందుసందునా తోమేవాడు. గోళ్ల కింద నలుపు, చొక్కా మీద నలుపు, తువ్వాలు కమ్మీ మీద నలుపు. ముక్కు చిట్లిస్తూనే తోమేవాడు. ప్రపంచంలో ఇంత కంపు కొట్టే పనిని అసహ్యించుకుంటూ ఇంత శ్రద్ధగా చేసిన మనిషి ఇంకొకడుండడు.

"ఆ బ్రష్షును నా బ్రష్షు పక్కన పెట్టారో, ఊరుకోను" అని ఆవిడ డ్యూటీకి వెళ్తూ బయట నుంచే అరిచేది.

కొండ మీద సంగతి సరేసరి. మిగతా చక్రాలు ఆయన కాళ్లకు లొంగలేదు. గతిలేక ఎప్పుడూ ఆ అల్యూమినియం చక్రం మీదే ఉండేవాడు. దొంతరలో అన్నిటికన్నా మెత్తనిది అదే, అన్నిటికన్నా మోత పడింది దాని మీదే. అయిదు నెలలకు దాని పళ్లు అరిగి ముళ్లలా మొనదేలాయి. మోకాలు వాచింది. ఆమె ఆ మోకాలిని నర్సు వేళ్లతో నొక్కి చూసింది.

"ఇది ఎవరి మోకాలండీ, మీదేనా? డెబ్భై ఏళ్ల వాడిదిలా ఉంది. తమ్ముడితో చెప్పి ఆ చక్రం మార్పించండి. వచ్చే నెలేగా కొండ."

"అలవాటైతే అదే లొంగుతుంది."

"నాకు మీ గ్రాములొద్దండీ. పక్కన మీరుంటే చాలు."

ఆయన వినలేదు సరికదా, అరిగింది చైనేమోనని ఇంకా తేలికైన కొత్త చైను తెప్పించాడు. లింకు లింకుకూ చిల్లు పెట్టిన రకం. బావమరిదికి చూపిస్తే ఏదో ఒకటి అంటాడని, కొండ రోజుకు ముందు సాయంత్రం తనే బిగించుకున్నాడు.

ఆ ఆదివారం మొదటి మలుపు దాకా ఇద్దరూ పక్కపక్కనే ఎక్కారు. ఆమె మొహం వెలిగిపోయింది. "చూశారా, ఎంత బాగుందో!" అంది. ఆయన తలూపాడు, జవాబు చెప్పేంత గాలి లేదు. రెండో మలుపు దాటి దారి నిటారైంది. ఆయన లేచి నిలబడి పెడలు మీద బరువు వేశాడు. టప్! కొత్త చైను అరిగిన పళ్ల మీంచి జారింది. కాలు గాల్లోకి పోయి మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. మళ్లీ తొక్కాడు. మళ్లీ టప్. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

"నువ్వు పద, వస్తాను" అని దిగి సైకిలు నెట్టడం మొదలుపెట్టాడు.

ఆమె నాలుగో మలుపులో ఆగింది. అయిదో మలుపులోనూ ఆగింది. ఆగిన చోటల్లా ఈయన తిట్టుకుంటూ వచ్చేవాడు. కంపెనీని తిట్టాడు, బావమరిదిని తిట్టాడు, రోడ్డు మీద అరటితొక్కలు పారేసినవాళ్లని, పక్కన ఉమ్మేస్తూ పోయేవాళ్లని, చివరికి రోడ్డు వేసినవాణ్ని కూడా తిట్టాడు. ఆరో మలుపులో ఆమె నీళ్లసీసా చాపి నిలబడి ఉంది. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకలా నిలబడి చూస్తావు? తమాషాగా ఉందా? ఛీ! పో, పోయి ఎక్కు!"

పాతికేళ్లలో సబ్బునన్నాడు, సొరుగునన్నాడు గానీ, ఆమెను ఆ మాట అనలేదు. దొంగతూకం వాడిని అన్నట్టే అన్నాడు. ఆమె చాపిన చేయి వెనక్కి తీసుకుంది. సీసాను రోడ్డు పక్క గోడ మీద పెట్టి, సైకిలెక్కి వెళ్లిపోయింది.

ఏడో మలుపులో ఎవరూ లేరు. ఎనిమిదిలోనూ లేరు. నాలుగు కిలోమీటర్లకు పైగా, సైకిలు బూట్లు రాళ్ల మీద టకటకమంటుంటే, పక్క నుంచి పోయేవాళ్లు "ఏమైంది సార్?" అని జాలిపడుతుంటే, నెట్టుకుంటూ ఎక్కాడు. ఇంత బతుకూ బతికి ఇంటి వెనక చచ్చినట్టైంది ఆయన పని.

పైన ఆమె పిట్టగోడ మీద కూర్చుని, ఎవరో ఇద్దరు ఆడవాళ్లతో నవ్వుతూ టీ తాగుతోంది. ఈయన్ని చూసి లేచి, ఇంకో కప్పు టీ తెచ్చి చేతికిచ్చింది. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ఏదో కోపంలో నోరుజారాను" అన్నాడు.

"ఏడో మలుపు దగ్గర ఏడుపొచ్చిందండీ" అందామె మెల్లగా. "ఎనిమిదో మలుపుకి ఆగిపోయింది. ఆ తర్వాత హాయిగా అనిపించింది. ఆగక్కర్లేదు, వెనక్కి చూడక్కర్లేదు. అంత హాయిగా ఉండేసరికి నాకే భయమేసింది."

 ఆయన కప్పులో టీ చల్లారిపోయింది.

మర్నాడు షాపుకెళితే, బావమరిది వెనక చక్రాన్ని తిప్పి చూసి తలెత్తాడు.

"కొత్త చైను నువ్వే వేశావా? అరిగిన పళ్ల మీద కొత్త చైను కూర్చోదు బావా. రెండూ మార్చాలి, లేదా రెండూ ఉంచాలి. ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ని కదా."

"ఆడలేక మద్దెల ఓడన్నాను. తప్పు నాదేరా. ఆ ముప్పైనాలుగు పళ్లది వెయ్యి. దానికి తగ్గ చైను కూడా నువ్వే వెయ్యి."

ఎగతాళి చేయడానికి బావమరిది నోరు తెరిచాడు. ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు మరి.

"అక్క ఏమంది?"

"నేను లేకపోతే హాయిగా ఉందంది."

బావమరిది చేతిలో రెంచి ఆగిపోయింది. మళ్లీ పనిలో పడ్డాడు గానీ, పని అయ్యేదాకా ఒక్క జోకూ వేయలేదు.

తర్వాతి ఆదివారం ఆమె బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే ఆయన సైకిలును గుమ్మంలోకి తెచ్చాడు. ఆమె వెనక చక్రం వంక చూసింది. "మార్చారా! మంచి పని చేశారు" అంది. ఆయన ప్రాణం లేచొచ్చింది.

"ఈ వారం మాత్రం నేనొక్కదాన్నే వెళ్తానండీ" అందామె హెల్మెట్ బిగించుకుంటూ. "కోపం కాదు. నిజంగా కాదు."

"మరి వచ్చే వారం?"

"చూద్దాం."

ఆమె వెళ్లిన చాలాసేపటికి ఆయనా బయల్దేరాడు. కొండ మొదట్లోనే చైనును పెద్ద చక్రం మీదికి ఎక్కించాడు. కాళ్లు మెత్తగా తిరిగాయి. సైకిలు నత్తలా పోతోంది గానీ, పోతోంది. రెండో మలుపు దాటింది, మూడు దాటింది. రొప్పు లేదు, మోకాలు గోల పెట్టలేదు. పక్కన లోయలో పొగమంచు విడిపోవడం కూడా కనిపించింది. "అబ్బ, చూడు!" అన్నాడు పైకే. ఆ మాట అనేసి పక్కకు చూశాడు. నాలుగేళ్లుగా ఈ కొండ మీద ఆయన నోటి నుంచి ఒక్క పూర్తి మాట రాలేదు. వచ్చినవన్నీ తిట్లే. పక్కన చాలు అని ఆమె అడిగింది ఎందుకో అప్పుడు అర్థమైంది. తన మీద తనకే రోత పుట్టింది.

అయిదో మలుపు దగ్గర ఆమె పైనుంచి దిగుతూ ఎదురొచ్చింది. చేయెత్తి ఊపింది, నవ్వింది కూడా. కానీ బ్రేకు మీద చేయి వేయలేదు. గాలి వేగంతో దాటిపోయింది. ఆయన ఆగి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఇంకా కనబడుతోంది, కేక వేస్తే వినబడే దూరంలోనే ఉంది. కేక వేసేంత ఊపిరి కూడా ఆయన దగ్గర ఉంది. ఏమని పిలవాలో మాత్రం తెలియలేదు.